ఉల్కలు శుభ్రం చేసి సర్టిఫికెట్ ఇస్తామనే మనిషితో జాగ్రత్త

ఉల్కరాళ్లు కొని దాచుకునేవాళ్లు మన వైపు తక్కువే. ఆ కొద్దిమందైనా ఇది పూర్తిగా చదవండి. హన్మకొండలో మా ఇంటికొచ్చి నాలుగు రాళ్లు పట్టుకుపోయిన మనిషి ఇప్పుడు కరీంనగర్, మంచిర్యాల వైపు తిరుగుతున్నాడని తెలిసింది.

నేనిచ్చినవి ఇవి: సహారాలో దొరికిన 86 గ్రాముల కాండ్రైట్ (ఒక రకం రాతి ఉల్క), అర్జెంటీనాలోని కాంపో డెల్ సియెలో ఇనుప ముక్క, 1947లో రష్యాలో పడిన సిఖోటె అలీన్ ఉల్క చిన్న ముక్క, మా బాపు చిన్నప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దగ్గర చెలకలో ఏరుకొచ్చిన గుప్పెడంత నల్లరాయి. శుభ్రం చేసి, ఏ రకమో తేల్చి కాగితమిస్తానన్నాడు. నాలుగింటికీ పది వేలు ముందే తీసుకున్నాడు. రసీదు అడగడానికి మొహమాటపడ్డాను. మీరు పడకండి.

మూడు వారాల తర్వాత అతను తిరిగిచ్చిన డబ్బా తెరిస్తే కడుపు తరుక్కుపోయింది. రాయి గాలిలో దూసుకొచ్చేటప్పుడు పైభాగం కరిగి గడ్డకట్టి నల్లటి పొర ఏర్పడుతుంది. ఫ్యూజన్ క్రస్ట్ అంటారు. చాలావరకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. నా కాండ్రైట్‌కు ఒక పక్క ఉన్న ఆ పొరను వైరు బ్రష్షుతో గీకేశాడు. బరువు 81 గ్రాములకు దిగింది. మళ్లీ తెచ్చుకోలేని పొర అది.

కాంపో ముక్క తళతళలాడుతోంది. ఫోన్ చేస్తే బాత్రూమ్ యాసిడ్‌లో నానబెట్టానని గొప్పగా చెప్పాడు. అందులోని క్లోరైడ్ పగుళ్లలో నిలిచిపోతే, తేమ తగిలినప్పుడల్లా తుప్పు లోపలి నుంచే పుట్టుకొస్తుంది. కాంపో ముక్కలు అసలే తొందరగా తుప్పు పడతాయి. వారం ముసురు పట్టేసరికి గోధుమరంగు చుక్కలు లేచాయి, ఇప్పుడు పొరలు రాలుతున్నాయి. నీళ్లు కూడా తగలనివ్వకూడని వస్తువు అది. నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి టూత్ బ్రష్‌తో దుమ్ము దులిపి, బాగా ఆరనిచ్చి, సిలికాజెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టేవాణ్ణి. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. సిఖోటె అలీన్ ఒక్కటీ ఎలా ఇచ్చానో అలాగే వచ్చింది. దాన్ని ముట్టుకున్నట్టే లేదు.

ఇక సర్టిఫికెట్లు. కాండ్రైట్‌కు ‘ఎల్6’ అని ఉపరకం కూడా రాశాడు, రాయి మీద కోసిన గుర్తే లేదు. ఆ మాట చెప్పాలంటే ముక్క కోసి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద చూడాలి. ఆలివిన్ ఖనిజంలో ఇనుము ఎంతుందో ఎలక్ట్రాన్ ప్రోబ్‌తో కొలవాలి. ఉల్కలకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ మెటియోరిటికల్ సొసైటీ ఒక పేరు ఆమోదించాలంటే 20 గ్రాములు గానీ, మొత్తం బరువులో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అంత ఒక సంస్థలో నమూనాగా ఉంచాలి. ఆ లెక్కన నా రాయిలోంచి 17 గ్రాములు పోవాలి. కాగితం మీద వేసిన ఎన్‌డబ్ల్యూఏ నంబరును (వాయవ్య ఆఫ్రికాలో దొరికిన ఉల్కలకిచ్చేది) సొసైటీ డేటాబేస్‌లో కొట్టి చూశాను. అది వేరే రకం ఉల్కది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏదైనా కొనేముందు ఆ ఒక్క పనైనా చేయండి.

బాపు రాయికైతే ‘ఇనుప ఉల్క’ అని ఇచ్చాడు. కోనసముద్రం ఒకప్పుడు ఉక్కు కాచిన ఊరు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇనుము కాచాక మిగిలే కొలిమి చిట్టెం ఆ ప్రాంతంలో ఇప్పటికీ దొరుకుతుంది. నాకు మొదటి నుంచీ అదే అనుమానం. తెలిసిన కెమిస్ట్రీ సార్ దగ్గరికి తీసుకెళ్లాను. అంచు కొట్టి చూస్తే లోపలంతా చిట్టెంలో ఉండేలాంటి బుడగల గుంతలు. నికెల్ ఉంటే పరీక్షలో గులాబీ రంగు వస్తుంది, అది రాలేదు. నికెల్ లేని ఇనుప ఉల్క ఉండదు. అయస్కాంతం అంటుకుంది కదా అని నమ్మొద్దు, ఇనుము మిగిలిన చిట్టేనికీ అంటుకుంటుంది, కరీంనగర్ వైపు దొరికే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రాయికీ అంటుకుంటుంది.

నా పది వేలు పోతే పోయాయి. అసలు టెన్షన్ వేరే. బాపు రాయి ఫొటో, ఆ సర్టిఫికెట్ కలిపి నాలుగు లక్షలని పెద్దపల్లిలో మా బంధువుకే వాట్సాప్‌లో పంపాడు. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ అమ్మే రైస్ పుల్లింగ్ చెంబులని మన జిల్లాల్లో ఎంతమంది మునిగారో మీకు తెలుసు. నల్లగా, గుప్పెడంత, 212 గ్రాములని రాసిన రాయి ఫొటో మీకూ వస్తే అడ్వాన్స్ పంపకండి. అది ఉల్క కాదు, అతని దగ్గర లేదు. మా ఇంట్లో, బాపు ఫొటో ముందు ఉంది.