అలబామా, ఇండియానా: కొత్త కోచ్‌పై రెండు రకాల ఆశలు

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో 2024 సీజన్‌కు ముందు అలబామా, ఇండియానా విశ్వవిద్యాలయాలు రెండూ కొత్త ప్రధాన కోచ్‌లను నియమించుకున్నాయి. అయితే వారి ముందున్న కొలమానాలు పూర్తిగా వేరు. అలబామాకు 6 జాతీయ టైటిళ్లు సాధించిపెట్టి విరమించిన నిక్ సేబన్ స్థానంలోకి, వాషింగ్టన్ జట్టును అప్పుడే జాతీయ ఫైనల్‌కు చేర్చిన కేలెన్ డిబోర్ వచ్చారు. తొలి ఏడాది 9 విజయాలు, 4 ఓటములు. చాలా చోట్ల ఇది సన్మానానికి తగిన ఫలితమే గాని, బలహీన జట్టుగా పేరున్న వాండర్‌బిల్ట్ చేతిలో ఓడి, జాతీయ టైటిల్ కోసం 12 జట్లు తలపడే ప్లేఆఫ్‌కు దూరమైన కోచ్‌ను సేబన్‌తో పోల్చకుండా చూడటం అక్కడి అభిమానులకు సాధ్యం కాలేదు.

ఇండియానా 2023లో గెలిచినవి 3 మ్యాచ్‌లే. జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి కర్ట్ సిగ్నెటీ తన పాత ఆటగాళ్లలో పలువురిని వెంటబెట్టుకొని రాగా, ఆ జట్టు 2024లో 11 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్‌లో అడుగుపెట్టింది. తొలి రౌండ్‌లోనే నోటర్‌డామ్ చేతిలో ఓడినా ఆ సీజన్ విలువ తగ్గలేదు.

వనరులు, పేరు, ప్రతిభగల ఆటగాళ్లు అలబామాలో సిద్ధంగా దొరుకుతాయి, నిజమే. అయినా తొలి ఏడాది మట్టుకు ఇండియానాయే కోచ్‌కు మేలైన చోటని నా అభిప్రాయం. ఆటగాళ్లు సులువుగా జట్టు మారగలిగే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, జట్టు నిర్మాణానికి నాలుగేళ్లు కావాలనే గడువు మాత్రం రెండు చోట్లా దొరకదు.