ఆగిన ప్రతిచోటా ఆగిపోతున్న ఇంజిన్: ఆటోనగర్ షెడ్డు పనితీరుపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో ఏ బండికైనా, ఏ మరమ్మతుకైనా మనిషి దొరుకుతాడని ఊరంతా ఎరిగిన మాటే. అయితే స్పానర్ పట్టేముందు కొలిచి చూసేవాళ్లు అక్కడ కూడా తక్కువే. నూరడుగుల రోడ్డుకు పక్క వీధిలో, పెట్రోల్ ఇంజెక్షన్ కార్లకు మాత్రమే పనిచేసే ఈ చిన్న షెడ్డు ఆ తక్కువమందిలో ఒకటి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా కారు పదేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే త్రోటిల్ బాడీ దానిలో యాక్సిలరేటర్ కేబుల్‌తో పనిచేసే పాత పద్ధతిది. పరుగులో ఏ లోటూ లేదు, పికప్ కూడా బాగానే ఉంది. కానీ బెంజి సర్కిల్ వంటి చోట వేగం తగ్గించి క్లచ్ నొక్కగానే, అందులోనూ ఏసీ నడుస్తుంటే, ఆర్‌పీఎం ముల్లు జారిపోయి ఇంజిన్ ఆగిపోయేది. ఇది చికాకుతో పోయే విషయం కాదు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండుసార్లు నొక్కేసరికి అయిపోతుంది. అంతకుముందు చూపించిన వర్క్‌షాపులో స్పార్క్ ప్లగ్గులు మార్చారు, గుణం కనబడకపోయేసరికి ఫ్యూయల్ పంపు మార్చాలన్నారు.

ఆ మాట చెప్పగానే ఇక్కడి మేస్త్రి తల అడ్డంగా ఊపారు. "పంపు నీరసపడితే ముందు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుందండీ, నిలబడి ఉన్న ఇంజిన్ తాగే పెట్రోలెంత?" అన్నారు. తర్కం సరైనదే అయినా ఆయన దానితో ఆగక, ఫ్యూయల్ లైనుకు ప్రెషర్ గేజ్ తగిలించి, ముల్లు కదలకుండా నిలబడటం నాకు చూపించిన తర్వాతే పంపు సంగతి పక్కన పెట్టారు.

అసలు పని కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే స్కానర్ దగ్గర జరిగింది. హెచ్చరిక దీపం వెలగలేదు గానీ పీ0506 అనే లోపం కోడ్ పెండింగ్‌లో, అంటే ఇంకా ఖాయం కాని దశలో ఉంది. ఐడిల్ వేగం, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, కంప్యూటర్ కోరుకున్నదానికన్నా తక్కువగా ఉందని దాని అర్థం. అది లక్షణమే తప్ప కారణం కాదు కనుక, కోడ్ చూసి విడిభాగం మార్చేసే పద్ధతి ఇక్కడ లేకపోవడం నాకు నచ్చింది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కంప్యూటర్ 800 ఆర్‌పీఎం అడుగుతుంటే ఇంజిన్ 650 దగ్గర ఊగుతోంది, ఏసీ వేస్తే 500 కిందికి పడిపోతోంది. త్రోటిల్ మూసుకున్నప్పుడు పక్కదారిన గాలి పంపే ఐడిల్ వాల్వ్ మాత్రం అప్పటికే దాదాపు చివరిదాకా తెరుచుకుని ఉంది. అంటే కంప్యూటర్ తన పని తాను చేస్తున్నా గాలి అందడం లేదన్నమాట. ఏసీ కంప్రెసర్ భారం పడినప్పుడు ఇంకా తెరవడానికి అక్కడ చోటే మిగలలేదు. త్రోటిల్ దాటాక గాలి వెళ్లే మ్యానిఫోల్డ్ గొట్టాల్లో పీడనం 35 కిలోపాస్కల్ దగ్గర మామూలుగానే ఉంది. ఎక్కడైనా ఎయిర్ లీక్ ఉంటే అది పెరిగేది, పైగా ఆ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే ఇలాంటి ఇంజిన్‌లో లీక్ వల్ల ఐడిల్ తగ్గడం కన్నా పెరగడమే ఎక్కువ. పెట్రోల్ ఆవిర్లు లాగే పర్జ్ వాల్వ్ గొట్టాన్ని నొక్కిపట్టి చూసినా మార్పు లేకపోవడంతో అనుమానం గాలి దారి మీదే నిలిచింది.

త్రోటిల్ బాడీ విప్పి చూపించినప్పుడు ఆ దారి నల్లటి జిడ్డు మసితో సగానికి పైగా పూడుకుపోయి ఉంది. ఇంజిన్ అడుగుభాగమైన క్రాంక్‌కేస్ నుంచి వెనక్కి వచ్చే నూనె ఆవిర్లు ఏళ్ల తరబడి పేరుకుంటే జరిగేది ఇదే. బయటినుంచి స్ప్రే కొట్టి పంపేయకుండా, వాల్వ్ విడిగా తీసి, లోపలి దారులు మెత్తని బ్రష్‌తో గీతలు పడకుండా శుభ్రం చేసి, కొత్త గాస్కెట్ వేసి బిగించారు. తర్వాత కంప్యూటర్ ఐడిల్‌ను కొత్తగా నేర్చుకునేలా స్కానర్‌తో ఐడిల్ లెర్నింగ్ చేయించి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఇంజిన్‌ను నడుస్తూ ఉంచి, ఏసీ, హెడ్‌లైట్లు అన్నీ వేసి చూశారు. ఐడిల్ 800 దగ్గర కుదురుగా నిలిచింది, ఏసీ వేస్తే కొద్దిగా పెరుగుతోంది, వాల్వ్ కూడా మామూలు స్థితికి దిగివచ్చింది. ట్రాఫిక్‌లో నాతోనే బండి నడిపించి, నాకు నమ్మకం కలిగాకే డబ్బు తీసుకున్నారు.

పరీక్షకు 600, శుభ్రం చేసి బిగించినందుకు గాస్కెట్‌తో కలిపి 1,400 రూపాయలు అయ్యాయి. మరమ్మతు చేయించుకోకపోయినా పరీక్ష రుసుము ఇవ్వాల్సిందేనని ముందే చెబుతారు. కొందరికి ఇది నచ్చకపోవచ్చు గానీ, అనవసరంగా మార్చే ఒక్క పంపు ధర ముందు ఆ మొత్తం ఏపాటిది?

లోపాలూ ఉన్నాయి. కూర్చోవడానికి రేకుల కింద ఒక బల్ల తప్ప ఏమీ లేదు, ఎండాకాలంలో అక్కడ ఉండటం కష్టం. ఒక్కరే స్కానర్ పట్టే మనిషి కావడంతో మధ్యాహ్నం వెళితే చీకటి పడేదాకా ఆగాల్సి వస్తుంది. ముద్రించిన బిల్లు ఇవ్వరు, అడిగితే కాగితం మీద రాసి సంతకం చేస్తారు. స్కానర్ తెర మీద మరమ్మతుకు ముందూ తర్వాతా కనబడే అంకెలను మన ఫోనులో ఫొటో తీసుకోవడానికి మాత్రం అభ్యంతరం చెప్పరు. లోపం వేడి ఇంజిన్‌లో బయటపడేదైతే బండిని కొంతసేపు నడిపి తీసుకెళ్లండి. డీజిల్ బండ్లు ఇక్కడ ముట్టుకోరు.