‘క్లీన్ చేసిన’ బొమ్మిడాయిల ప్యాక్: డబ్బుకి తగ్గ సరుకేనా?

హైదరాబాద్‌లో డెలివరీ యాప్‌ల్లో అర కిలో ప్యాకుల్లో దొరుకుతున్న బొమ్మిడాయిల సంగతి ఇది. కడిగి ముక్కలు కోసినవి ఒక రకం, తలతో సహా ఐసులో పెట్టి పంపేవి ఇంకో రకం. మొదటిదానికి ఐదుకి రెండు మార్కులు, రెండోదానికి నాలుగు.

ఇంత తేడా ఎందుకంటే, ఈ చేప బతికే తీరే అలాంటిది. పగలంతా కాలువ అడుగున ఇసుకలోనో ఒండ్రులోనో ఒళ్లంతా దాచుకుని, ముక్కు కొస మాత్రం బయటపెట్టుకుని ఉంటుంది. చీకటి పడ్డాక లేచి, కండపట్టిన ఆ ముక్కుతో అడుగంతా వాసన పట్టుకుంటూ వానపాముల్నీ, పురుగు పిల్లల్నీ, చిన్న రొయ్యల్నీ ఏరుకు తింటుంది. పొలుసులు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి, పైన మందంగా జిగురు. నీళ్లలో, బురదలో ఉండే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. మనకు తగిలే మట్టి వాసన దానిదే. అది చేప చర్మంలోకి, కొవ్వులోకి ఎక్కుతుంది. కాబట్టి బొమ్మిడాయి విషయంలో పనంతా చర్మం మీదే.

ముక్కల ప్యాక్ దెబ్బతినేది సరిగ్గా అక్కడే. కుళాయి కింద ఒకసారి తిప్పి కోసేస్తున్నారు. వేలితో రాస్తే జర్రున జారుతుంది, అంటే జిగురు అలాగే ఉందన్నమాట. పోనీ ఇంట్లో రుద్దుకుందామా అంటే, కోసిన ముక్కని ఉప్పేసి గట్టిగా రుద్దితే కోత దగ్గర కండ చెదిరిపోతుంది. జిగురు పోగొట్టడం కోయకముందు చేయాల్సిన పని. చర్మం ఒలిచేసిన ప్యాకులు కూడా ఉన్నాయి, అవి అసలు వద్దు. పులుసులో ముక్క నిలవదు.

రెండో లోపం ముళ్లు. మెత్తటి వీపు రెక్క మొదలయ్యేలోపు వీపు పొడవునా విడివిడిగా చిన్న ముళ్లుంటాయి. పెద్ద జాతిలో ముప్పై పైనే. అవి తోక వైపు వాలి ఉంటాయి కాబట్టి తల నుంచి కిందికి నిమిరితే తెలియదు, ఎదురు నిమిరితే గుచ్చుకుంటాయి. వాటిని కత్తెరతో తోక వైపు నుంచి తలకేసి మొదలంటా కత్తిరించాలి. ముక్కల ప్యాకుల్లో ఇవి తరచూ మిగిలిపోతున్నాయి, తినేటప్పుడు నోట్లో పడతాయి.

తలతో వచ్చే రకం తీసుకుంటే గుప్పెడు రాళ్లుప్పు, చెంచా పసుపు వేసి మూడు నాలుగు నిమిషాలు రుద్ది కడగండి. వేళ్లకి పట్టు దొరికేదాకా మళ్లీ అదే. ఊళ్లో అయితే బూడిద వేసి గరుకు బండ మీద రాస్తారు, దాన్ని మించింది లేదు. ఆ తర్వాతే ముళ్లు, తల, పేగు తీసి రెండంగుళాల ముక్కలు కోయాలి. నడిమి ముల్లు తప్ప సన్నముళ్ల బెడద పెద్దగా ఉండదు.

లేబుల్ మీద జాతి రాయరు. వేలెడు లావున ఉండే చిన్న రకం, మూర దాటే పెద్ద రకం రెండూ ‘బొమ్మిడాయి’ పేరుతోనే వస్తున్నాయి. ఒకే ప్యాకులో రెండూ కలిస్తే చిన్నవి చితికిపోతాయి, పెద్దవి ఉడకవు. పులుసుకి చిన్నవే నయం. ఒకే సైజువి కావాలని ఆర్డర్‌లో రాయండి. బరువు తల తీయకముందుదా, తీశాకదా అన్నది కూడా అడగాలి. రొహూ ధర కాదు కదా ఇది!

ఐసు చేపలో జిగురు తేటగా ఉంటే మంచిదే. పాలలా తెల్లబడినా, పచ్చగా మారినా వెనక్కి పంపేయండి. ఇక చింతపండు విషయంలో పిసినారితనం వద్దు, అర కిలోకి పెద్ద నిమ్మకాయంత వేయాలి. పులుపు జియోస్మిన్‌ని విరగ్గొడుతుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పితే చాలు.