అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గానా, పార్టీ టికెట్ మీదా, ముందు వార్డుకా? విశాఖలో యువ కార్యకర్తకు ఏది మేలు

విశాఖలో జనం పని నెత్తినేసుకుని తిరిగే యువతీయువకులకు కొదవ లేదు. ఉక్కు నిర్వాసితుల ఆర్ కార్డుల (పునరావాస కార్డుల) కోసం ఫైళ్లు పట్టుకు తిరిగేవాళ్లున్నారు. వన్‌టౌన్‌లో పోర్టు బొగ్గు దుమ్ము మీద సోమవారం వస్తే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టేవాళ్లున్నారు. వీళ్లకు పాతికేళ్లు నిండితే చాలు, చుట్టుపక్కల వాళ్లు "నువ్వే ఎమ్మెల్యేగా నిలబడొచ్చు కదా" అంటారు. నిలబడమనే నేనూ అంటాను. ఎక్కడ, ఎలా అన్నది మాత్రం నామినేషన్ ముందు రోజు రాత్రి తేల్చుకునే సంగతి కాదు.

ముందు ఇండిపెండెంట్ సంగతి చూద్దాం. ఎక్కువమంది మనసు లాగేది ఇదే. లెక్కప్రకారం అడ్డేమీ లేదు. వయసు 25, డిపాజిట్ పది వేలు, ఎస్సీ, ఎస్టీలకు ఐదు వేలు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే సరిపోతుంది, ఇండిపెండెంట్‌కు ఆ నియోజకవర్గం ఓటర్లు పది మంది సంతకం పెట్టాలి. ఆస్తులు, కేసులు, చదువు వివరాలు రాసే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. లేనిది "లేదు" అని రాయాలి తప్ప గీత గీసి ఊరుకుంటే కుదరదు. ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా, రోజువారీ రిజిస్టరు ఉండాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పకపోతే మూడేళ్లు పోటీకి పనికిరాకుండా చేసే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది. ఓడిపోయిన నీరసంలో చాలామంది వదిలేసేది ఈ లెక్కే.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఇండిపెండెంట్‌కు గుర్తు ఖరారయ్యేది ఉపసంహరణ గడువు ముగిశాకే. 2024లో ఆ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13, ప్రచారం ఆగింది మే 11 సాయంత్రం. అంటే గుర్తు జనానికి చూపించడానికి చేతిలో ఉన్నది 12 రోజులు. గాజువాకలోనో భీమిలిలోనో ఓటర్లు మూడు లక్షలు దాటతారు. పైగా బ్యాలెట్ యూనిట్ మీద గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు వస్తాయి, ఇండిపెండెంట్లవి కిందికి పోతాయి. ఒక్కో యూనిట్‌లో 16 వరుసలే కాబట్టి అభ్యర్థులు ఎక్కువైతే మన పేరు రెండో యూనిట్‌లో పడొచ్చు. మండుటెండలో లైన్లో నిలబడి వచ్చిన ముసలమ్మ మన గుర్తు అక్కడిదాకా వెతికి నొక్కాలి.

పేరుంటే గెలుస్తామనుకోవద్దు. సీబీఐ జేడీగా రాష్ట్రమంతా ఎరిగిన లక్ష్మీనారాయణ 2024లో సొంత పార్టీ తరఫున విశాఖ ఉత్తరంలో నిలబడి బాగా వెనకబడిపోయారు. తెలంగాణలో 2023లో కొల్లాపూర్ నుంచి విజిల్ గుర్తుతో పోటీ చేసిన శిరీష, అదే బర్రెలక్క, ఎంత అభిమానం మూటగట్టుకున్నా వచ్చిన ఓట్లు ఆరు వేల లోపే. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019లో గానీ 2024లో గానీ ఒక్క ఇండిపెండెంట్ కూడా గెలవలేదు. 175కి 175 పార్టీలవే. "నువ్వు మంచోడివే బాబూ, కానీ ఓటు వేస్ట్ అయిపోద్ది" అని ఓటరు అంటే తప్పు పట్టలేం.

మరి పార్టీ టికెట్టా? గెలుపు అవకాశం నిస్సందేహంగా ఇక్కడే ఎక్కువ. గుర్తు ముందే ఇంటింటికీ తెలుసు, బూత్ ఏజెంట్లుంటారు. అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, పార్టీ తన ప్రచారానికి పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. ఆ 40 లక్షలు తెచ్చుకోగల ఉద్యమకారులు ఎందరు? టికెట్ ఇచ్చేటప్పుడు పార్టీలు ముందు చూసేది కూడా అదే. దానికితోడు పొత్తులుంటే సీటు ఏ పార్టీకి పోతుందో చివరిదాకా తెలియదు. గెలిచాక విప్, అంటే సభలో ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ఉంటుంది. ఏ కాలుష్యం మీద నువ్వు పదేళ్లు పోరాడావో ఆ కంపెనీకే నీ ప్రభుత్వం భూమి ఇస్తే, సభలో ఓటింగ్ వచ్చినప్పుడు విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. పార్టీని తప్పు పట్టడం లేదు, చేరేవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోవాలంటున్నాను.

జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ, వార్డు లెక్క వేరు. వయసు 21 చాలు. 98 వార్డుల్లో ఒక్కోదానిలో సుమారు పదిహేను, ఇరవై వేల ఓటర్లు. ఇంత మందిని కాలినడకన కలవొచ్చు, రెండోసారీ కలవొచ్చు. సగం సీట్లు ఆడవాళ్లకే, అసెంబ్లీలో ఆ కోటా ఇంకా అమల్లోకి రాలేదు. 2021 మార్చిలో వైసీపీ 58 వార్డులు గెలిచి ఊపు మీదున్నప్పుడు కూడా ఇండిపెండెంట్లు నలుగురు గెలిచారు, సీపీఐ, సీపీఎం చెరొకటి తెచ్చుకున్నాయి. అసెంబ్లీలో సున్నా, ఇక్కడ నాలుగు. నా మొగ్గు ఎటో ఇక్కడే తెలిసిపోయి ఉంటుంది.

అయితే వార్డుకూ ఇబ్బందులున్నాయి. 2021 ఎన్నిక జరిగింది 2007 తర్వాత, అంటే 14 ఏళ్లకు. ఎన్నిక ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. రిజర్వేషన్ మారితే నాలుగేళ్లు తిరిగిన వార్డు చేజారిపోతుంది. 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం నెగ్గినప్పుడు ఒక్కో కార్పొరేటర్ ఓటు కోసం ఎంత లాగులాట జరిగిందో ఊరంతా చూసింది. ఆ టెన్షన్ తట్టుకోవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది నీ సమస్య ఎక్కడ తెగుతుందని. కాలువ, కుళాయి, చెత్త బండి, వీధి దీపం కోసమైతే కౌన్సిల్‌లో లేచి కమిషనర్‌ను నిలదీయొచ్చు. సింహాచలం దేవస్థానంతో వివాదంలో ఉన్న పంచగ్రామాల భూములు తీసుకోండి. అడవివరంలోనో వేపగుంటలోనో ఇల్లుంది, అందులోనే పిల్లలు పెరిగి పెద్దయ్యారు, కానీ రిజిస్ట్రేషన్ కాదు, పైన గది వేసుకుందామంటే ప్లాన్ రాదు. ఆ ముడి విప్పాల్సింది ప్రభుత్వం, శాసనసభ, కోర్టులు. కార్పొరేటర్ ఎంత అరిచినా ఉపయోగం లేదు. ఆస్తి పన్ను మూలధన విలువ (ఆస్తి ఖరీదును బట్టి వేసే) పద్ధతికి మారిందీ 2020లో అసెంబ్లీ చేసిన చట్ట సవరణతోనే. ఇక స్టీల్‌ప్లాంట్ కేంద్రం చేతిలోది. 2021లో శాసనసభ తీర్మానం చేసి పంపినా, గంటా శ్రీనివాసరావు ఎమ్మెల్యే పదవికి రాజీనామా రాసినా ప్రైవేటీకరణ మీద ఢిల్లీ నిర్ణయం మారలేదు. దాని కోసం ఎమ్మెల్యేగా నిలబడతానంటే నేను ఆపుతాను.

కాబట్టి ముప్పై లోపు వాళ్లకు, వెనక డబ్బు లేనివాళ్లకు వార్డే మేలు. పంచగ్రామాల లాంటి, నియోజకవర్గంలో ఎన్నో ఇళ్లకు తగిలే ఒకే సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేసి ఉంటే, ఊరూరా మనుషులుంటే, అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా దిగడంలో అర్థముంది. గెలుపు కష్టమే, అయినా పెద్ద పార్టీలు ఆ సమస్యను మేనిఫెస్టోలోకి ఎక్కించక తప్పని పరిస్థితి రావచ్చు. ముప్పై దాటిన వాళ్లు పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటునూ చూడాలి. ఉత్తరాంధ్రలో పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) నుంచి ఎం.వి.ఎస్. శర్మ అలా గెలిచినవారే.

వార్డు అనుకున్నవాళ్లు ఈ వారమే ఓటరు జాబితా తెచ్చుకోండి. ఊళ్లు మారినవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, 18 నిండినా ఎక్కని పిల్లల పేర్లు వీధివారీగా రాసుకోండి. కొత్త ఓటరుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7. ఆ పని మీద ఇంటింటికీ వెళ్తే ఓటు అడగకుండానే జనం మీ పేరు అడుగుతారు.