శివరాత్రి దారిలోనే గడపాలంటే: హంపీయా, పట్టదకల్లా?

రెండూ కర్ణాటకలోనివే, రెండుచోట్లా విరూపాక్షుడనే పేరుతో వెలిసిన శివుడే. హంపీ 1986లో, పట్టదకల్లు 1987లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

జాగారం చేయాలనుకుంటే నా ఓటు హంపీకే. అక్కడ విరూపాక్షాలయం నేటికీ నిత్యపూజలందుకునే గుడి. పట్టాభిషేకం గుర్తుగా శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రంగమంటపంలో నిలబడితే, మనం చూస్తున్నది శిథిలాన్ని కాదని తెలుస్తుంది. కొంచెం దూరంలో బడవిలింగం: ఒకే రాతిలో మలిచిన పెద్ద లింగం, పానవట్టం చుట్టూ నీళ్లు. శివరాత్రినాడు అంతకన్నా ఏం కావాలి! కానీ శిథిలాలు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటాయి. ఉపవాసంతో, మాఘమాసపు ఎండలో, బండరాళ్ల మధ్య విఠలాలయం దాకా నడవడం కష్టం. పెద్దవాళ్లు వెంట ఉంటే అసలొద్దు.

పట్టదకల్లులో గుళ్లు చాలావరకు మలప్రభ ఒడ్డున ఒకే ఆవరణలో ఉన్నాయి. ఒక్కపూటలో తీరిగ్గా చూడొచ్చు. పల్లవులపై చాళుక్యరాజు రెండో విక్రమాదిత్యుడి గెలుపుకు గుర్తుగా రాణి లోకమహాదేవి 8వ శతాబ్దంలో కట్టించిన విరూపాక్షుడి గుడి ముందు ఎంతసేపు కూర్చున్నా తనివి తీరదు. అంతస్తులుగా లేచే దక్షిణాది తీరు ద్రావిడ విమానం పక్కనే, వంపు తిరిగి లేచే ఉత్తరాది తీరు నాగర శిఖరం కనిపిస్తుంది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చూసినవాళ్లకు ఆ నాగర శిఖరాలు చుట్టాల్లా అనిపిస్తాయి. అయితే చీకటిపడితే ఆవరణ మూసేస్తారు, జాగారానికి వేరే గుడి వెతుక్కోవాలి.