గోడో షేడర్లతో రెండేళ్లు: ఘోస్ట్ ఇల్లు కట్టిన కథ

గేమ్‌లో ఇల్లు కట్టే ముందు మౌస్ వెంట తిరుగుతూ సగం సగం కనిపించే ఇంటి బొమ్మ ఉంటుంది కదా, చోటు కుదిరితే పచ్చగా, లేకపోతే ఎర్రగా. ఘోస్ట్ అంటారు దాన్ని. అది సొంతంగా చేసుకుందామని గోడో 4 (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) షేడర్లు, అంటే తెర మీద ప్రతి చుక్కకీ ఏ రంగో తేల్చే చిన్న ప్రోగ్రాములు, పట్టుకుని రెండేళ్లు దాటింది. ఉద్యోగం వేరే. విశాఖ కంచరపాలెంలో మేడ మీద గదిలో రాత్రిళ్లు చేసుకునే పని ఇది. గేమ్ కూడా ఇక్కడి సరుకే: కొండవాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి ఇళ్లు పేర్చుకుంటూ పోవడం.

మొదటి ఘోస్ట్ ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. గోడో షేడర్ భాష, షేడర్లు రాసే పాత భాష జీఎల్‌ఎస్‌ఎల్‌కి బాగా దగ్గర. ఆల్బెడోకి (వస్తువు రంగు) ఓ రంగు, ఆల్ఫాకి (ఎంత పారదర్శకమో చెప్పే అంకె) 0.5 ఇస్తే చాలు. ఫ్లోట్ (దశాంశ సంఖ్య) దగ్గర 1 అని రాస్తే మాత్రం ఒప్పుకోదు, 1.0 అనాల్సిందే. మొదటి వారం నా తిట్లన్నీ ఆ చుక్కకే.

తంటా ఆ తర్వాత. ఆల్ఫా వాడగానే ఎదుటి గోడలోంచి వెనక గోడ, అందులోంచి మెట్లు కనబడి ఇల్లు పేగులు బయటపడ్డట్టు తయారైంది. చివరికి ఆల్ఫా తీసేసి, డిస్కార్డ్‌తో (పిక్సెల్ గీయకుండా వదిలేయమనే ఆదేశం) పిక్సెళ్లను జల్లెడలా గళ్లు గళ్లుగా వదిలేసి, ఏది ముందో ఏది వెనకో దూరాన్ని ఎప్పుడూ నమోదు చేసే డెప్త్ డ్రా ఆల్వేస్ పెట్టాక కుదిరింది.

వాలు మీద ఇంటి అడుగు నేలలోకి ఎక్కడ దిగబడిందో తెలియాలి. డెప్త్ టెక్స్చర్‌లో (కెమెరా నుంచి ప్రతి పిక్సెల్ దూరం దాచుకునే బొమ్మ) నేల ఎంత దూరమో చదివి, ఇంటి పిక్సెల్ దూరంతో పోల్చి, తేడా సున్నాకి దగ్గరైన చోట తెల్ల గీత వేశాను. ఈ రెండేళ్లలో నాకు బాగా నచ్చిన పది లైన్లు అవే. 2024 ఆగస్టులో గోడో 4.3 వచ్చి డెప్త్‌ని తిరగేసింది, దగ్గరిది 1, దూరంది 0 అయింది. పచ్చి అంకెల్నే పోల్చిన నా గీత మాయమైంది. తప్పు నాదే. డెప్త్ అంకెని తిరిగి అసలు కొలతలోకి మార్చే ఇన్వర్స్ ప్రొజెక్షన్ మాట్రిక్స్‌తో అసలు దూరం లెక్కగట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఇంకో దెబ్బ: వరసగా పది ఘోస్ట్‌లు పెడితే ఒక్కదానికి చోటు లేకపోయినా పదీ ఎర్రబడేవి. అన్నిటికీ మెటీరియల్ (షేడర్, దాని రంగులు ఉండే పొర) ఒకటే మరి. రంగుని ఇన్‌స్టాన్స్ యూనిఫాం (ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే విలువ) చేశాక ఏ ఇంటి రంగు ఆ ఇంటిదే.

డబ్బు కట్టి కొన్న ఓ వీడియో కోర్సులో అంతా షేడరే చూసుకుంటుందన్నట్టు చెప్పారు. పక్కింటికి తగులుతోందా లేదా అన్నది షేడర్‌కి తెలియదు. అది స్క్రిప్ట్ తేల్చాలి, షేడర్ పని రంగు పూయడమే. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కోడ్ రాయకుండా నోడ్లనే పెట్టెల్ని తీగలతో కలిపి చేసే విజువల్ షేడర్ పది నోడ్ల దాకా హాయి. ఆ పైన పూర్ణా మార్కెట్ సందుల్లో కరెంటు తీగలే. కోడ్ రాసుకోండి.

రంగుల సంగతి మా మేనల్లుడు ఆడితే గానీ బయటపడలేదు. "ఏటి మావయ్యా, పెట్టొచ్చన్నా వద్దన్నా ఒకేలా ఉంది?" అన్నాడు. వాడికి ఎరుపూ పచ్చా తేడా తెలియదు. చోటు లేనప్పుడు ఏటవాలు చారలు పడేలా మార్చాను. ఇప్పుడు చారలు చూసి చకచకా పెట్టేస్తున్నాడు గానీ, మెట్లు ఇంకా గాల్లో వేలాడుతున్నాయట.