పిల్లి కోపానికి ఫెరోమోన్ డిఫ్యూజర్: 14 నెలలు వాడాక

మాది విజయనగరం, కోటకు దగ్గరలో మేడ మీద ఇల్లు. మా చిట్టికి 7 ఏళ్లు. పోయినేడాది ఆగస్టులో ఒక సాయంత్రం అమ్మ కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటుంటే, చిట్టి ఉన్నట్టుండి దూకి ఆమె పిక్క పట్టేసింది. పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి అమ్మ ఒళ్లోనే పడుకున్న పిల్లి అది. "ఏటే గుంటా, నీకేటైందే" అంటూ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కాలి నొప్పి కంటే ఆ దిగులే ఎక్కువైంది. గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించాం. పిల్లికి టీకాలు వేయించి ఉన్నా ఈ విషయంలో ఆలస్యం చేయకూడదు.

ఆ వారమే డిఫ్యూజర్ కొన్నాను. కరెంటు ప్లగ్గులో పెడితే సీసాలోని ద్రవాన్ని గదిలోకి వదిలే పరికరం ఇది. పిల్లులు స్థిమితంగా ఉన్నప్పుడు చెంపలను గోడకూ కుర్చీకీ రుద్దుతాయి కదా, అప్పుడు అంటుకునే ఫెరోమోన్ అనే రసాయన సంకేతానికి ఆ ద్రవం కృత్రిమ నకలు. మనకు వాసన తెలియదు. మత్తుమందు కాదు. 48 మిల్లీలీటర్ల సీసా 30 రోజులు వస్తుంది. నాకు రీఫిల్‌కు రెండు వేలకు పైనే పడింది, మాలాంటి ఇంటికి అది తక్కువేం కాదు. కర్టెన్ వెనక, మంచం కింద పెట్టకూడదు. కరెంటు పోతే పనిచేయదు. ఎండాకాలంలో కిటికీలన్నీ తీసి ఫ్యాను వేసుకుంటే పెద్దగా నిలవదు కూడా.

మొదటి నెల నాకేమీ తేడా కనిపించలేదు. ఈలోగా అసలు సంగతి బయటపడింది. సాయంత్రమయ్యేసరికి ఒక గండుపిల్లి సన్‌షేడ్ మీదికొచ్చి మా కిటికీలోకి చూస్తోంది. దాన్ని అందుకోలేక చిట్టి పక్కనున్న మనిషి మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అలా రేగిన పిల్లి చల్లబడటానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులే పడుతుంది. ఆ సమయంలో ఎత్తుకోకూడదు, కొట్టకూడదు. మళ్లీ రేగినప్పుడు వెనక గదిలో చీకటి చేసి, నీళ్లు, మట్టి ట్రే పెట్టి రెండు రోజులు వదిలేశాం. కిటికీ కింది అద్దాలకు మసక షీటు అతికించాం. దాడులు ఆగిపోయాయి. ఆ పని చేసింది షీటేనని నా నమ్మకం. అయితే మంచం కింద దాక్కోవడం మాని హాల్లోకి రావడానికి మాత్రం డిఫ్యూజర్ సాయపడిందనిపిస్తుంది. పరిశోధనల్లో కూడా దీని ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏప్రిల్‌లో జరిగింది. చెంప నిమిరితే చిట్టి బుసకొట్టడం మొదలుపెట్టింది, ఒకసారి నా చెయ్యి రక్కింది. రీఫిల్ పాతబడిందేమోనని కొత్తది పెట్టాను. "ఏ కోపమైనా దీంతో తగ్గిపోతుంది" అన్న దుకాణం వాళ్ల మాట నమ్మి మూడు వారాలు పోగొట్టాను. ఈలోగా అది ఒకవైపే నములుతోంది, గింజలు నోట్లోంచి జారిపోతున్నాయి, చొంగ కారుతోంది. అన్నీ నా కళ్లెదుటే ఉన్నాయి. చివరికి గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్తే, డాక్టరుగారు పెదవి పైకెత్తి చూపించారు. చిగుళ్ల అంచున పన్ను కరిగి గుంట పడింది. దానికి తీసేయడమే వైద్యం. తర్వాత విశాఖలో మత్తిచ్చి పన్ను తీయించాం. పిల్లి నొప్పిని దాచుకుంటుందని, తాకినప్పుడే అది కోపంగా బయటికొస్తుందని అప్పుడు అర్థమైంది. వయసు 10 దాటిన పిల్లికైతే థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించాలన్నారు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వేయొద్దు, పిల్లికి అది విషం.

పన్ను తీసిన రెండు వారాలకు చిట్టి తనంతట తానే వచ్చి నా మోకాలికి చెంప రుద్దింది.

ఇప్పుడు డిఫ్యూజర్‌ను నెలనెలా వాడటం లేదు. సిరిమానోత్సవానికి డప్పులు మోగే రోజులకూ, దీపావళికీ ముందుగా పెట్టి, పండగ అయ్యాక తీసేస్తున్నాం. మసక షీటు మాత్రం అలాగే ఉంచాం.